టూరిస్టు వీసా మీద వెళ్లి కారు గుద్దితే ఏమవుతుంది?

వేసవి సెలవులొస్తే విజయవాడ గవర్నర్‌పేట, లబ్బీపేట ట్రావెల్ ఆఫీసుల్లో, గుంటూరు బ్రాడీపేట ఏజెంట్ల దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వినపడుతుంది: "అక్కడ బండి అద్దెకిస్తారా?" ఫుకెట్ వెళ్లే కుర్రాళ్లకి స్కూటర్ కావాలి. దుబాయ్ వెళ్లే కుటుంబానికి సెల్ఫ్ డ్రైవ్ కారు కావాలి. అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వెళ్లిన రిటైర్డ్ మాస్టారికి, కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్లాక గ్యారేజీలో ఖాళీగా ఉన్న రెండో కారు కనిపిస్తుంది. అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, పెట్రోలు ఎవరిది అని అడుగుతారు. గుద్దితే ఏమవుతుందని అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగినా "ఇన్సూరెన్స్ ఉంటుంది లెండి" అన్న జవాబుతో మాట ఆగిపోతుంది.

ఆ జవాబు మన ఊరి అనుభవం నుంచి వచ్చింది. కనకదుర్గ వారధి దాటాకనో, చిలకలూరిపేట హైవే మీదో కారు ఒక మోటార్‌సైకిల్‌ని గుద్ది మనిషి పోతే ఏం జరుగుతుందో ఇక్కడ అందరికీ ఎంతో కొంత తెలుసు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106(1) కింద కేసు కడతారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పాత చట్టంలో 304ఎ కింద అది రెండేళ్లే. అయినా అది బెయిలబుల్ నేరం. జామీను ఇచ్చేవాళ్లు ఉంటే డ్రైవరు చాలాసార్లు ఆ రోజో మర్నాడో ఇంటికొస్తాడు. డబ్బు సంగతి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కి వెళుతుంది. మరణానికీ గాయాలకీ థర్డ్ పార్టీ బీమా మీద మన చట్టంలో పై హద్దు లేదు కాబట్టి, లైసెన్సూ పాలసీ సక్రమంగా ఉంటే ట్రిబ్యునల్ ఎంతంటే అంత కంపెనీయే కడుతుంది. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇంకా త్వరగా తేలుతుంది. పోయినవాళ్ల ఇంటివాళ్లు ఆ డబ్బు కోసం ఎన్నేళ్లు కోర్టు మెట్లెక్కుతారో తెలిసినవాడిగా ఇది గొప్ప పద్ధతని నేననను. కానీ మనకి అలవాటైన పద్ధతి ఇదే. విమానం ఎక్కేటప్పుడు ఈ అలవాటునే వెంట తీసుకెళుతున్నాం.

విదేశంలో బండి గుద్దిన క్షణం నుంచి మూడు వ్యవహారాలు విడివిడిగా మొదలవుతాయి. ఒకటి నేరం, రెండోది పరిహారం, మూడోది దేశం దాటి వెళ్లడానికి అనుమతి. మూడింటికీ వేర్వేరు అధికారులు, వేర్వేరు గడువులు. ఒకటి తేలినంత మాత్రాన మిగతా రెండూ తేలవు. ఇన్సూరెన్స్ అనేది రెండోదానికి మాత్రమే జవాబు, అదీ చాలా సందర్భాల్లో సగం జవాబే. స్థానికుడికీ టూరిస్టుకీ అసలు తేడా వచ్చేది మూడోదానిలో. అందుకే ముందు దాని గురించి.

చట్టం దృష్టిలో టూరిస్టు పారిపోవడానికి అన్ని వీలూ ఉన్న మనిషి. ఆ ఊళ్లో అతనికి ఇల్లు లేదు, ఉద్యోగం లేదు, పూచీ పడే చుట్టాలు లేరు, పైగా జేబులో రిటర్న్ టికెట్ ఉంది. అదే ప్రమాదం స్థానికుడు చేస్తే "సమన్లు వస్తాయి, కోర్టుకి రా" అని పంపేసే దేశాలు కూడా టూరిస్టు దగ్గర పాస్‌పోర్టు తీసుకోవడమో, డబ్బు డిపాజిట్ కట్టించుకోవడమో చేస్తాయి. జర్మనీలో నివాసం లేని నిందితుడి నుంచి రాబోయే జరిమానా, ఖర్చుల కింద ముందే సొమ్ము కట్టించుకునే అధికారం వాళ్ల క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్‌లో ఉంది. సింగపూర్ పోలీసులు దర్యాప్తు నడుస్తుండగా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోగలరు. న్యూజిలాండ్‌లో బెయిలు షరతుల్లో పాస్‌పోర్టు అప్పగించమనడం మామూలు. జపాన్‌లో ఛార్జిషీటు వేయకముందే 23 రోజుల దాకా కస్టడీలో ఉంచవచ్చు, అంతవరకు బెయిలన్న మాటే లేదు. యూఏఈలో మనిషి పోయిన కేసులో, గాయాలు పెద్దవైన కేసులో, వ్యవహారం తేలేదాకా దేశం వదిలి వెళ్లకుండా నిషేధం పెట్టగలరు.

ఇప్పుడు దీన్ని మన ఇంటి లెక్కలోకి తెచ్చి చూడండి. గన్నవరం నుంచి షార్జా వెళ్లి, అక్కణ్నుంచి దుబాయ్‌లో ఐదు రోజులు తిరిగొద్దామని బయల్దేరిన మనిషి అనుకుందాం. మూడో రోజు యాక్సిడెంట్ అయింది, ఎదుటి కారులో ఒకరు ఐసీయూలో ఉన్నారు. వైద్యుల నివేదిక వచ్చేదాకా పోలీసు ఫైలు ముందుకు కదలదు. భార్యాపిల్లలు టికెట్ ప్రకారం తిరిగొచ్చేస్తారు. ఈయన ఉండిపోతాడు. విజిట్ వీసా గడువు దగ్గరపడుతుంది, పొడిగింపు కోసం మళ్లీ వేరే ఆఫీసుకి తిరగాలి. ఆ వీసా మీద పని చేయకూడదు కాబట్టి రూపాయి రాబడి లేదు. గది అద్దె, తిండి, లాయరు ఫీజు అన్నీ ఇంటి నుంచే రావాలి. ఇక్కడ ఆయన ఉద్యోగంలో సెలవు అయిపోతుంది. చివరికి కోర్టు చిన్న జరిమానాతో వదిలేసినా, అప్పటికే నెలలు గడిచిపోయి ఉండొచ్చు. ఏ దేశపు శిక్షల పట్టికలోనూ కనపడని శిక్ష ఇది. నా లెక్కలో టూరిస్టుకి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇక డబ్బు. గల్ఫ్ దేశాల్లో ప్రాణానికి చట్టమే ఒక మొత్తం నిర్ణయించింది, దాన్ని దియా అంటారు. యూఏఈలో పొరపాటున మనిషి చావుకి కారణమైతే 2 లక్షల దిర్హాములు, మన డబ్బులో 45 లక్షలకి పైమాట. సౌదీలో అనుకోకుండా జరిగిన మరణానికి 3 లక్షల రియాళ్లు. ఇది జరిమానాకి అదనం, జైలుకి అదనం. పోయినవాళ్ల కుటుంబం క్షమిస్తే దియా తగ్గొచ్చు, మాఫీ కూడా కావచ్చు. కానీ ప్రభుత్వం తరఫున నడిచే నేరం కేసు అంతటితో పోదు. "వాళ్లింటికి వెళ్లి కాళ్లమీద పడి రాజీ చేసుకుందాం" అనే మన ఆలోచన అక్కడ సగందూరమే పనిచేస్తుంది.

ఈ లెక్క ఎలా పెరుగుతుందో చూడటానికి 2019 జూన్ 6 నాటి దుబాయ్ బస్సు ప్రమాదం చాలు. ఈద్ సెలవుల్లో మస్కట్ నుంచి వస్తున్న బస్సు, పొడవాటి వాహనాలు వెళ్లకూడని దారిలోకి తిరిగి, ఎత్తు హద్దు కోసం పెట్టిన ఇనుప దూలాన్ని గుద్దింది. 17 మంది చనిపోయారు, వాళ్లలో 12 మంది భారతీయులు. పక్క దేశం నుంచి బస్సు నడుపుకుంటూ వచ్చిన ఒమానీ డ్రైవరుకి ట్రాఫిక్ కోర్టు ఏడేళ్ల జైలు, 50 వేల దిర్హాముల జరిమానా వేసి, 34 లక్షల దిర్హాముల దియా కట్టమంది. ఒక్కో ప్రాణానికి 2 లక్షల చొప్పున 17 మందికి అయ్యే మొత్తం అది. పైకోర్టు తర్వాత జైలు కాలాన్ని తగ్గించింది. కానీ దియా దగ్గరే లెక్క ఆగలేదు. అదే బస్సులో తీవ్రంగా గాయపడ్డ ఒక భారతీయ విద్యార్థికి కొన్నేళ్ల తర్వాత 50 లక్షల దిర్హాముల పరిహారం వచ్చింది. బతికి జీవితాంతం వైద్యం అవసరమైన మనిషికి ఇవ్వాల్సిన సొమ్ము, పోయినవాళ్లకి చట్టం కట్టిన మొత్తం కంటే ఎన్నో రెట్లు ఉండొచ్చు. గాయాలే కదా, ప్రాణం పోలేదు కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అమెరికా లెక్క ఇంకో రకం. అక్కడ చట్టం కట్టిన ధర ఏమీ లేదు. ఆసుపత్రి బిల్లులు, పోయిన సంపాదన, అనుభవించిన బాధ అన్నీ కలిపి కోర్టులో దావా వేస్తారు. బీమాకి మాత్రం హద్దు ఉంది, మనవాళ్లకి బోధపడనిది ఇదే. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస పాలసీ ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి గాయాల కింద 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి 30 వేలు, 60 వేలు, 15 వేలు చేసింది. అంతకుముందు ఇంకా తక్కువ, 15 వేలు, 30 వేలు, 5 వేలు. అక్కడి ఆసుపత్రి బిల్లులు చూసినవాళ్లకి 30 వేల డాలర్లు ఎంత త్వరగా కరిగిపోతాయో చెప్పక్కర్లేదు. పాలసీ హద్దు దాటిన ప్రతి డాలరూ నడిపినవాడి నెత్తి మీదే.

అందుకే ఆ మాస్టారి సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. గుంటూరు, విజయవాడల్లో పిల్లలు అమెరికాలో లేని వీధి దొరకడం కష్టం; తల్లిదండ్రులు ఏడాదికో రెండేళ్లకో అక్కడికి వెళ్లి వస్తూనే ఉంటారు. "నాన్నా, గుడికీ ఇండియన్ స్టోరుకీ మీరే వెళ్లి రండి, దగ్గరే" అని కొడుకు ప్రేమగా తాళం చేతికిస్తాడు. ఆయన నలభై ఏళ్లుగా ఎడమ పక్కన నడిపిన మనిషి. ఖాళీ రోడ్డు మీద ఎడమకి తిరిగేటప్పుడు చెయ్యి పాత అలవాటుకి పోతుంది. ప్రమాదం జరిగితే మొదటి ప్రశ్న, ఆ పాలసీ ఆయన్ని డ్రైవరుగా ఒప్పుకుంటుందా అని. యజమాని అనుమతితో అప్పుడప్పుడు నడిపేవాళ్లకి చాలా పాలసీలు వర్తిస్తాయి. కానీ అదే ఇంట్లో నెలల తరబడి ఉంటూ రోజూ నడిపే మనిషి పేరు పాలసీలో రాయించకపోతే కంపెనీ పేచీ పెట్టడానికి దారి దొరుకుతుంది. రెండో ప్రశ్న కొడుక్కి సంబంధించింది. న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో, అనుమతి ఇచ్చి బండి అప్పగించిన యజమాని కూడా బాధ్యుడే. మిగతాచోట్ల కూడా, సరిగ్గా నడపలేడని తెలిసీ తాళం ఇచ్చావన్న ఆరోపణ మీద యజమానిని దావాలోకి లాగొచ్చు. తండ్రి పొరపాటు కొడుకు ఇంటి మీదికీ దాచుకున్న సొమ్ము మీదికీ వస్తుందన్నమాట. అద్దెకారు కంపెనీకి మాత్రం ఈ భయం లేదు: 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ ప్రకారం, కంపెనీ తప్పేమీ లేనప్పుడు బండి తనదన్న ఒక్క కారణంతో దాన్ని బాధ్యుణ్ని చేయకూడదు. అక్కడున్న పిల్లలకి నా విన్నపం ఇదే: అమ్మానాన్నలకి తాళం ఇచ్చేముందు ఏజెంటుకి ఫోన్ చేసి వాళ్ల పేర్లు పాలసీలో చేర్పించండి, బాధ్యత హద్దు పెంచండి, వీలైతే కారు పాలసీ హద్దు దాటిన సొమ్ముకి పనికొచ్చే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ తీసుకోండి. ఒక ప్రమాదం తెచ్చే అప్పు ముందు దాని ప్రీమియం లెక్కలోకి రాదు.

దీనికి పూర్తిగా ఎదురుగా న్యూజిలాండ్ ఉంది. 1974 నుంచి అక్కడ ప్రమాదంలో గాయపడ్డ ఎవరికైనా, టూరిస్టుకైనా సరే, ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థే వైద్యం చూస్తుంది. అందుకు బదులుగా గాయాలకి నష్టపరిహారం దావా వేసే హక్కుని చట్టం తీసేసింది. అజాగ్రత్తగా నడిపి మనిషి చావుకి కారణమైతే గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు లేదా 4,500 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా, దాంతోపాటు కనీసం ఆరు నెలలు లైసెన్సు రద్దు. శిక్ష వేసేటప్పుడు బాధిత కుటుంబానికి జరిగిన మనోవేదనకి సొమ్ము కట్టమని జడ్జి ఆదేశించవచ్చు. టూరిస్టుల కేసుల్లో ఆ సొమ్ము ఎప్పుడు కడతారన్నది పాస్‌పోర్టు తిరిగిచ్చే విషయంతో ముడిపడి ఉంటుంది.

ఒకే పొరపాటుకి ఒకచోట మూడు నెలలు, ఇంకోచోట ఏళ్లు. ఇంగ్లండ్‌లో అజాగ్రత్త డ్రైవింగ్‌తో ప్రాణం తీస్తే గరిష్ఠం ఐదేళ్లు. డ్రైవింగ్ ప్రమాదకరమని తేలితే 2022 జూన్ నుంచి యావజ్జీవం దాకా వేయొచ్చు. జపాన్‌లో నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కి ఏడేళ్ల దాకా. థాయ్‌లాండ్ శిక్షాస్మృతి 291వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు, 2 లక్షల బాట్ల దాకా జరిమానా. ఇటలీ 2016లో రోడ్డు హత్య అనే నేరాన్నే కొత్తగా సృష్టించింది: మామూలుగా రెండు నుంచి ఏడేళ్లు, బాగా తాగి నడిపితే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు. అన్నిచోట్లా శిక్షని ఒక్కసారిగా పెంచేవి మాత్రం ఒకటే: తాగి నడపడం, సరైన లైసెన్సు లేకపోవడం, గుద్ది ఆగకుండా వెళ్లిపోవడం. 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన యూఏఈ కొత్త ట్రాఫిక్ చట్టంలో ప్రాణం తీసిన నేరానికి కనీస జరిమానా 50 వేల దిర్హాములు. తాగి నడిపినా, ఎర్రలైటు దాటినా, లైసెన్సు లేకున్నా అది లక్ష అవుతుంది, దానికి తోడు కనీసం ఏడాది జైలు.

ఆగకుండా వెళ్లిపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అది భయం వల్ల జరుగుతుంది. జనం పోగై కొడతారన్న భయంతో డ్రైవరు బండి వదిలి పారిపోయి, తర్వాత స్టేషన్లో లొంగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇలా పారిపోయేవాళ్లకి భారతీయ న్యాయ సంహిత 106(2) కింద పదేళ్ల శిక్ష తెచ్చినప్పుడు లారీ డ్రైవర్లు 2024 జనవరిలో సమ్మెకి దిగింది కూడా ఆ భయం చెప్పే, ఆ సెక్షన్ అమలు ఆగిపోయింది. విదేశంలో ఈ వాదన ఎవరూ వినరు. టెక్సాస్‌లో మనిషి చనిపోయిన ప్రమాదం దగ్గర ఆగకపోతే, తప్పు ఎవరిదైనా సరే, రెండు నుంచి ఇరవై ఏళ్ల శిక్ష పడే నేరం. జర్మనీలో పార్కింగులో ఆగి ఉన్న కారుకి గీత పెట్టి, ఫోన్ నంబరు చీటీ అద్దం మీద పెట్టి వెళ్లడం కూడా చాలదు. యజమాని కోసం తగినంతసేపు ఎదురుచూడాలి, లేదా పోలీసులకి చెప్పాలి. లేదంటే అది మూడేళ్ల దాకా జైలు పడగల నేరం.

ఈ మొత్తం వ్యవహారంలో ఇరుసు లాంటిది లైసెన్సు కాగితం. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కోసం పరివాహన్ పోర్టల్లో ఫారం 4ఎ నింపి, వెయ్యి రూపాయలు కట్టి, మన ఆర్టీఏ ఆఫీసు నుంచే తీసుకోవచ్చు. ఏడాది పనిచేస్తుంది. మనది రోడ్డు ట్రాఫిక్ మీద దేశాలు కుదుర్చుకున్న 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్. అందుకే ఆ ఒక్క ఒప్పందపు పర్మిట్‌నే ఒప్పుకునే జపాన్‌లో చెల్లుతుంది. చైనా ఏ అంతర్జాతీయ పర్మిట్‌నీ ఒప్పుకోదు. బ్రిటన్‌లో మన మామూలు లైసెన్సుతోనే ఏడాది దాకా కారు నడపొచ్చు. పర్మిట్ ఒక్కటే చాలదు, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి, ఎందుకంటే పర్మిట్ దానికి గుర్తింపు పత్రం మాత్రమే. అంతకంటే ముఖ్యం, మీ లైసెన్సులో ఏ తరగతి బండి ఉందో అదే పర్మిట్‌లోకి వస్తుంది.

ఫుకెట్ వెళ్లే కుర్రాళ్లు జారిపడేది సరిగ్గా ఇక్కడ. అద్దె దుకాణం వాడు లైసెన్సు అడగడు, పాస్‌పోర్టు తీసి సొరుగులో పెట్టుకుని స్కూటర్ ఇచ్చేస్తాడు. మన దగ్గర కారు లైసెన్సు మాత్రమే ఉన్నవాడు 125 సీసీ బండెక్కుతాడు. గుద్దాక నాలుగు వైపుల నుంచి తలుపులు మూసుకుంటాయి. థాయ్ చట్టం దృష్టిలో అతను లైసెన్సు లేకుండా నడిపినవాడు. అద్దె స్కూటర్‌కి చాలాసార్లు ఉండేది తప్పనిసరి బీమా ఒక్కటే. అది మనుషుల గాయాలకి ఒక హద్దు దాకా ఇస్తుంది కానీ ఎదుటి కారు రిపేరుకి పైసా ఇవ్వదు. ఇక్కడ తీసుకున్న ట్రావెల్ పాలసీ, సరైన లైసెన్సు లేదు కాబట్టి అతని సొంత ఆసుపత్రి ఖర్చుకీ అడ్డం చెబుతుంది. పాస్‌పోర్టేమో దుకాణంవాడి సొరుగులో ఉంది, స్కూటర్ నష్టం కట్టేదాకా బయటికి రాదు. పిల్లలకి ఒక్క మాట గట్టిగా చెప్పండి: పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టు పెట్టొద్దు. డబ్బు డిపాజిట్ తీసుకుని, జిరాక్సు చాలనే దుకాణం వెతుక్కోవాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ గురించి ఇంకో అపోహ ఉంది. 50 వేల డాలర్ల పాలసీ ఉంది కదా అని ధైర్యపడతారు. ఆ మొత్తం ప్రధానంగా మీ వైద్యానికి. వ్యక్తిగత బాధ్యత అనే భాగం పాలసీలో ఉన్నా, మోటారు వాహనం నడిపి చేసిన నష్టానికి అది వర్తించదని మినహాయింపుల్లో మామూలుగా రాసే ఉంటుంది. అద్దెకారు కౌంటర్లో అంటగట్టే డ్యామేజీ వేవర్ కూడా వాళ్ల కారుకి జరిగిన నష్టం కోసమే, రోడ్డు మీద వెళ్లే మనిషి కోసం కాదు. ఎదుటివాళ్ల కోసం ఉండేది లయబిలిటీ కవర్, దాని హద్దు ఎంతో విడిగా అడగాలి. ఒప్పందంలో పేరు లేని స్నేహితుడు స్టీరింగ్ పట్టుకుంటే ఇవన్నీ ఒక్కసారిగా ఎగిరిపోవచ్చు. హైవే మీద నిద్రొస్తోందని పక్కవాడికి బండి ఇచ్చే అలవాటు మనకి బాగా ఉంది కాబట్టి, అదనపు డ్రైవరు పేరు మొదటి రోజే రాయించుకోవాలి. తాగి నడిపినప్పుడు, లైసెన్సు లేనప్పుడు బాధితుడికి కంపెనీ ముందు కట్టి, తర్వాత ఆ సొమ్ము నడిపినవాడి దగ్గర వసూలు చేసుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది.

ప్రమాదం జరిగిన చోట చేయాల్సింది కొంచెమే. ఆగాలి, గాయపడ్డవాళ్లకి సాయం పిలవాలి, పోలీసులు వచ్చేదాకా ఉండాలి. యూరప్‌లో 112, అమెరికాలో 911, యూఏఈలో 999, థాయ్‌లాండ్‌లో పోలీసులకి 191, టూరిస్టు పోలీసులకి 1155. చదవలేని భాషలో ఉన్న వాంగ్మూలం మీద సంతకం పెట్టకూడదు. దుబాసీ కావాలని అడిగితే తప్పుగా తీసుకోరు. పడిపోయిన మనిషి పక్కన కూర్చుని బాధపడటం వేరు, తప్పంతా నాదేనని చెప్పేయడం వేరు. కాలిఫోర్నియా సాక్ష్య చట్టం 1160వ సెక్షన్ ఈ తేడాని నేరుగా గుర్తించింది: సానుభూతి మాటల్ని సివిల్ కేసులో తప్పుకి రుజువుగా వాడకూడదు, తప్పు ఒప్పుకున్న మాటని వాడొచ్చు. అబద్ధం చెప్పమని కాదు. తప్పెవరిదో తేల్చే పని రోడ్డు మీద వణుకుతూ నిలబడ్డ మనిషిది కాదు.

అరెస్టయితే 1963 నాటి కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందం 36వ అధికరణం కింద మన ఎంబసీకి తెలియజేయమని అడిగే హక్కు ఉంది. వాళ్లొచ్చి కలవగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, ఇంటికి కబురు చేయగలరు. కేసు ఎత్తేయించలేరు, దియా కట్టలేరు. కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి ఆర్థికంగా లేనివాళ్లకి న్యాయసాయం కొంత అందుతుంది. సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకోగలిగిన టూరిస్టు దాని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

చాలామంది మనసులో ఉండి పైకి అనని ఆలోచన ఒకటుంది: ఎలాగోలా విమానం ఎక్కి ఇంటికొచ్చేస్తే? దీనికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ హ్యారీ డన్ కేసు. 2019 ఆగస్టు 27న ఇంగ్లండ్‌లోని క్రౌటన్ వైమానిక స్థావరం బయట, అమెరికన్ మహిళ ఆన్ సకూలస్ తమ దేశపు అలవాటు ప్రకారం కుడిపక్కన నడిపి 19 ఏళ్ల హ్యారీని గుద్దారు. దౌత్య రక్షణ ఉందంటూ అమెరికా వెళ్లిపోయారు, అప్పగించడానికి అమెరికా ఒప్పుకోలేదు. అయినా ఆ తల్లిదండ్రులు వదల్లేదు. 2022లో ఆమె వీడియో ద్వారా లండన్ కోర్టు ముందు నేరం ఒప్పుకున్నారు, డిసెంబరులో ఎనిమిది నెలల జైలు విధించి అమలుని నిలిపి ఉంచారు. అంత పెద్ద ప్రభుత్వం వెనకున్న మనిషిని కూడా కేసు మూడేళ్లపాటు వెంటాడింది. మన టూరిస్టుకి దౌత్య రక్షణ లేదు.

మన చట్టం కూడా అతన్ని దాచదు. అమెరికా, బ్రిటన్, యూఏఈ, థాయ్‌లాండ్‌లతో మనకి నేరస్థుల అప్పగింత ఒప్పందాలున్నాయి. యూఏఈ ఒప్పందంలో సొంత పౌరుల్ని అప్పగించరు, కానీ అప్పుడు ఇక్కడే విచారించాలి. భారత పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, కేంద్రం అనుమతితో ఇక్కడి కోర్టు విచారించగలదు. అజాగ్రత్త డ్రైవింగ్ కేసుల్లో ఇంత దూరం వెళ్లడం తరచుగా జరిగేది కాదు. కానీ ఆ దేశంలో వారెంటు పెండింగులో ఉంటుంది, మళ్లీ అటు వెళ్లినా, ఆ విమానాశ్రయంలో విమానం మారినా పట్టుకుంటారు. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. అమెరికా అయితే తాగి నడిపిన అరెస్టు ఒక్కటి చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయడానికి.

నేరం కంటే గట్టిగా ఇంటిదాకా రాగలిగేది డబ్బు తీర్పు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ ప్రకారం, కేంద్రం గుర్తించిన దేశాల పై స్థాయి కోర్టులు ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో దాఖలు చేస్తే, ఇక్కడి డిక్రీలాగే అమలు చేస్తారు. బ్రిటన్, సింగపూర్, న్యూజిలాండ్ ఆ జాబితాలో ఉన్నాయి. 2020 జనవరిలో యూఏఈ కూడా చేరింది. అంటే దుబాయ్ సివిల్ కోర్టు పరిహారం ఇవ్వమని చెప్పిన తీర్పు పట్టుకుని గుంటూరు జిల్లా కోర్టుకి వచ్చి, ఇక్కడి ఇల్లూ పొలమూ జప్తు చేయమని అడగొచ్చు. జరిమానాలకి ఇది వర్తించదు. నోటీసు సరిగ్గా అందలేదు, సహజ న్యాయం పాటించలేదు, కేసు లోతుల్లోకి వెళ్లకుండా తీర్పిచ్చారు అని 13వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పుకోవచ్చు. అయితే విదేశీ కోర్టు నోటీసు ఇంటికొస్తే అవతల పారేసి కూర్చోవడం ఆ అభ్యంతరాన్ని నిలబెడుతుందని అనుకోకూడదు. నోటీసు అందిన రోజే లాయరుకి చూపించాలి. అమెరికా ఆ జాబితాలో లేదు, కాబట్టి అక్కడి తీర్పు మీద ఇక్కడ మళ్లీ కొత్తగా దావా వేయాలి, దానికి మూడేళ్ల గడువుంది.

మనవాళ్లు అక్కడ చిక్కుకున్నారని ఫోన్ వస్తే ఇక్కడ ఇంట్లో ఉన్నవాళ్లు మొదట పాస్‌పోర్టు, లైసెన్సు, పర్మిట్, అద్దె ఒప్పందం, పాలసీల కాపీలు ఒకచోట చేర్చాలి. బీమా కంపెనీకి ఆలస్యం చేయకుండా మెయిల్ పెట్టాలి, ఎందుకంటే ఆలస్యమే క్లెయిము తిరస్కరించడానికి కారణం కావచ్చు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ప్రవాసాంధ్రుల కోసం తాడేపల్లిలో ఉన్న ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్ రాత్రీపగలూ పనిచేస్తుంది, ఆ దేశంలో ఉన్న తెలుగువాళ్లతో కలపడానికి అది పనికొస్తుంది. లాయరు ఫీజుకీ డిపాజిట్‌కీ డబ్బు హవాలా మనుషుల చేత పంపించొద్దు. బ్యాంకు ద్వారా ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా చట్టబద్ధంగా పంపుకోవచ్చు, ఆ రసీదే రేపు కోర్టులో చెల్లింపుకి రుజువు. ఇక్కడి ఆస్తి అమ్మాల్సి వస్తే, చిక్కుకున్న మనిషి అక్కడి మన కాన్సులేటులో సంతకం పెట్టి ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి.